ముందు సీట్లో ఎవరు

ఎడపల్లి దాటి కోటగిరి వైపు పోతున్న కారులో ఇద్దరే ఉన్నారు. నడుపుతున్నది శ్రీవాణి. వెనక సీట్లోంచి మెడ చాచి, స్టీరింగు వెనక దీపాలనే చూస్తున్నది ఆమె అత్త పెంటవ్వ. పెంటవ్వ కొడుకు శ్రావణ్ పోయిన ఏడు చనిపోయాడు. రేపు కోటగిరి గుళ్లో శ్రీవాణికి మళ్లీ పెళ్లి.

“మల్ల ఎలిగింది సూడు! ఆపు పిల్లా, ఆపు!”

“ఏది అత్తా?”

“గదే, ఎర్రగ. ఇంజను కాలుతుందేమో!”

“ఇంజనుది కాదు. ఇంజను వేడెక్కితె గీ ముల్లు పైకి పోతది. నడిమిట్లనే ఉంది గద.”

“మరి గా పక్క ముల్లు కిందికి పడ్డది?”

“అది పెట్రోలు. కోటగిరి దాంక వస్తది.”

“వస్తదో రాదో. బోధన్ల ఆపి పోయించు. అట్లనే చాయ్ తాగుదం.”

“ఇప్పుడే గద తాగినం, జానకంపేటల.”

“మల్ల తాగితె ఏమైతది? పెండ్లి రేపు. గింత తొందరేంది నీకు?”

“నాకు తొందరనా? సంబంధం తెచ్చింది నువ్వే గద.”

“తెచ్చిన. మధుకర్ మంచోడు. నేను కాదంటున్ననా? గా ఎర్రది ఏందో చెప్పు ముందు.”

“సీటు బెల్టుది. ముందల నా పక్కన మనిషి కూసోని బెల్టు పెట్టుకోకుంటె ఎలుగుతది.”

“ముందల ఎవ్వలు లేరు గద.”

“లేరు.”

“మరెట్ల ఎలిగింది?”

“ఏమో.”

“నీకు కారు నేర్పినప్పుడు వాడు గా సీట్లనే కూసునేటోడు.”

“అత్తా, ఇప్పుడెందుకు అవన్ని...”

“గీ దీపాలు, గీ ముల్లులు అన్ని వాడే చెప్పిండు నీకు. అడుగు పిల్లా. కోపమొచ్చి కూసున్నడేమో అడుగు.”

“అత్తా!”

“నేనే పంపుతున్న శ్రావణ్! దాన్నేమనకు కొడుకా, నేనే పంపుతున్న...”

“ఏడ్వకు. ఆగు, పక్కకు ఆపుతున్న. అయ్యో, గీ సంచి! చీకట్ల సూడనే లేదు. సీటు మీద నువ్వు పెట్టినవా?”

“ఆ.”

“గీ బరువుకే ఎలుగుతుంది. మనిషి కూసున్నడనుకుంటది కారు. ఉండు, కింద పెడ్త.”

“కింద పెట్టద్దు!”

“ఏముంది గిండ్ల?”

“బియ్యం.”

“కోటగిరిల బియ్యం దొరకయా? సుట్టూర పొలాలే.”

“గవి పసుపు కలిపిన బియ్యం. ఎండు కొబ్బరి కుడుకలున్నయి. రైక గుడ్డ ఉంది.”

“ఒడిబియ్యమా?”

“మరేంది?”

“ఒడిబియ్యం బిడ్డకు తల్లిగారు పోస్తరు. నాకు కన్నతల్లి లేదు గద.”

“నాకెర్కలేదా?”

“అత్త ఎక్కడన్న పోస్తదా? నలుగురు నవ్వరా?”

“నవ్వనీ.”

“నేను పోను అత్తా. కారు మలుపుత. మనిద్దరం ఇంటికే పోదం.”

“మలపకు. దండం పెడ్త, మలపకు. కోడలు పోతె పోయినట్టే శ్రీవాణీ, మధుకరోల్లు మల్ల నా గడప తొక్కనియ్యరు. ఒడి నింపి పంపిన బిడ్డవైతె బతుకమ్మకు నా ఇంటికొస్తవు.”