మా దొడ్లో సీసం

"అమ్మమ్మా, మిలట్రీవాళ్ళు గుట్ట కాడ మట్టంతా తవ్వి లారీల్లో తీసకపోయారంట గదా, అప్పుడు నువ్వు ఈడే ఉన్నావా?"

ఈడ గాక యాడుంటానే! ఆ మట్టిలో సగం మా దొడ్డిదే. సగమంటే సగం గాదులే, నాలుగు లారీలు... నాలుగా, మూడా? మీ తాతకి గుర్తుంటది, ఆయన చేలో పైపులు మారుస్తా ఉండుంటాడు ఇప్పుడు. ఆ రికార్డు చేసే ఫోను ఇట్టా అరుగు మీద పెట్టు, మీ కాలేజీవాళ్ళకి నా మాట వినపడాలిగా. పక్కింటి పిల్లవి కాబట్టి చెప్తన్నా, మీరు ఈ ఊరొచ్చింది ఆ తర్వాతేగా.

నేను కాపరానికొచ్చేటప్పటికే ఆ గుట్ట మిలట్రీవాళ్ళది. ఏడాదికి రెండు తడవలు వచ్చేవాళ్ళు, మాచర్ల రోడ్డు మీద వరసన బళ్ళు. గుడారాలేసుకుని పది రోజులు టపటపా కాల్చేవాళ్ళు. అప్పుడప్పుడు పెద్ద గుండ్లు కూడా పేల్చేవాళ్ళు, ఆ మోతకి మా గేదె పాలు చేపేది గాదు. మా అత్తేమో నన్ను తిట్టేది, నీ చెయ్యి మంచిది గాదని! సరే, ఆమె సంగతి ఇప్పుడెందుకులే.

వాళ్ళు పోయినాక ఊరంతా గుట్ట కాడే ఉండేది. కాల్చిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరేవాళ్ళు కొందరు, గురి వెనక పోసిన మట్టికట్ట తవ్వి తూటాల్లో సీసం ఏరేవాళ్ళు కొందరు. ముట్టుకోవద్దని బోర్డు పెట్టారు, చదివేదెవరు? మీ తాత సీసం తెచ్చి మా దొడ్లో జామచెట్టు కింద మూకుట్లో కరగబెట్టేవాడు. ఎందుకంటే వలలకి. విజయపురి సౌత్ కాడ చేపలు పట్టేవాళ్ళు వల అంచుకి గుళ్ళు కడతారు చూడు, నీళ్ళలో మునగాలని, ఆ గుళ్ళు పోసేవాడు. పైన తేలిన తుక్కు తీసి ఆ చెట్టు మొదట్లోనే పారబోసేవాడు. చానా ఏళ్ళు చేశాడు. అది విషమని మాకేం తెలుసు? ఇనప ముక్క లాంటిదే అనుకున్నాం.

ఆఁ, ఇప్పుడు మా శిరీష సంగతి చెప్పాలి. మా పెద్దోడి కూతురు, నీకు తెలిసిందేగా. దానికప్పుడు మూడేళ్ళు. మా కోడలు పనిలోకి పోతే పిల్ల నా కాడే ఉండేది. పొద్దస్తమానం ఆ జామచెట్టు కిందే ఆట. మట్టి కూడా తినేది. ఏ పిల్ల తినదులే అనుకున్నా. అదేందంటే, చిన్నగా కడుపునొప్పని ముడుచుకుపోవటం మొదలుపెట్టింది. మొకం పాలిపోయింది. గలగలా మాట్లాడే పిల్ల, అమ్మా అనటానికి కూడా ఓపిక లేనట్టు చూసేది. నులిపురుగుల మందు పోశా, తాయెత్తు కట్టించా. ఏదీ పనిచెయ్యలా.

ఆఖరికి నరసరావుపేట తీసకపోయాం. ఆ పిల్లల డాక్టరు పెద్దాయన, మెల్లగా మాట్లాడతాడు. రక్తం తీయించి, "ఇంట్లో బ్యాటరీల పని గానీ, సీసం పని గానీ ఉందా?" అనడిగాడు. మీ తాత గోడకానుకుని నిలబడ్డాడు. నేను ఆయన మొకం చూశా, ఆయన నా మొకం చూశాడు.

"లేదండీ" అన్నాను.

నేనేనే అబద్ధం చెప్పింది! మీ తాత గాదు. మిలట్రీవాళ్ళ సామాను గదా, కేసు పెడతారేమోనని భయం. పరీక్ష కాయితం వచ్చాక డాక్టరు చెప్పాడు, రక్తంలో సీసం చానా ఉందని. అది యాణ్ణుంచి వస్తందో తెలియకుండా పిల్లని ఆ ఇంటికి పంపొద్దు, మందు కూడా పనిచెయ్యదు అన్నాడు. మా కోడలు పిల్లనెత్తుకుని క్రోసూరు పుట్టింటికి పోయింది. మీ తాత మూకుడు తీసకపోయి బావిలో... కాదు కాదు, బావిలో గాదు, పాడు గోతిలో పారేశాడు. ఇంకెప్పుడూ సీసం ముట్టలా. కానీ దొడ్లో ఉన్నది ఉన్నట్టే ఉందిగా.

మిలట్రీవాళ్ళు కాల్చటం ఆపేశారు ఆ ఏడే. గుట్ట బాగుచేసి ఇచ్చేస్తామని వచ్చారు. వాళ్ళ పెద్ద ఒకమ్మాయి, అప్పటికి ఇప్పటి నీకన్నా నాలుగేళ్ళు పెద్దదుంటదేమో. వచ్చీరాని తెలుగు. ఊళ్ళోవాళ్ళందర్నీ స్కూలు కాడ కూర్చోబెట్టి, "మీ ఇళ్ళల్లో తూటాలు, సీసం, పేలని గుండ్లు ఏమున్నా చెప్పండి, కేసు ఉండదు" అంది. అందరూ నేల చూపులే. నాకు శిరీష మొకం కళ్ళ ముందు ఆడతంది. లేచి నిలబడ్డా.

"మా దొడ్లో ఉందమ్మా" అన్నా.

మీ తాత నా చీర కొంగు పట్టుకు లాగాడు. "ఏమే, నన్ను జైల్లో పెట్టిస్తావా?"

"పెడితే పెట్టనీ. పిల్ల ఇంటికి రావద్దా?" అన్నా, అందరూ వినేట్టు.

ఆయన నా కొంగు వదిలేశాడు. తర్వాత ఆయనే లేచి, "కరగబెట్టింది నేనండీ, ఆమె గాదు" అన్నాడు. అంతే, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచారు. మా దొడ్లో కూడా, మా కొట్టంలో కూడా అని. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలా.

ఇంక చూడు, తెల్ల తొడుగులేసుకుని, మొకాలకి గుడ్డలు గట్టుకుని వచ్చారు. మా దొడ్లో మోకాటి లోతు తవ్వారు. జామచెట్టు కొట్టెయ్యాలన్నారు. నేను కాపరానికొచ్చిన ఏడు నాటిన చెట్టు. ఏడ్చాను. అయినా కొట్టమన్నా. మట్టిని జల్లెళ్ళు పట్టి, డ్రమ్ముల్లో బిగించి తీసకపోయారు, ఎర్రమట్టి తెచ్చి పోశారు. మీ తాతని గుట్ట మీదకి తీసకపోయేవాళ్ళు. పెద్ద గుండ్లు యాడ పడేయో ఆయనకి తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఆయన దూరం నుంచి చెయ్యి చూపిస్తే వాళ్ళు మిషన్లతో పోయి ఎర్రజెండా పాతేవాళ్ళు. పేలకుండా పడున్న గుండు ఒకటి దొరికింది. ఇళ్ళన్నీ ఖాళీ చేయించి, అందర్నీ స్కూలుకి పంపి దాన్ని ఆడే పేల్చారు. మూడు పార్లాంగుల దూరాన స్కూల్లో ఉన్నాం, పైన సున్నం రాలి నా నెత్తిన పడింది!

బావి నీళ్ళు, దొడ్లో కొత్త మట్టి అన్నీ పరీక్ష చేసినాకే పిల్లని తీసుకురమ్మన్నారు. డాక్టరుకి నిజం చెప్పి తిట్లు కూడా తిన్నాలే. ఇప్పుడది ఎనిమిదో తరగతి. క్లాసులో నోరు ముయ్యదని మేష్టరు మా కోడల్ని పిలిపించాడు మొన్న. మా కోడలు కోపంగా వచ్చి చెప్తంటే నాకు మటుకు కడుపు నిండిపోయింది.

ఆ మిలట్రీ అమ్మాయి వెళ్ళేరోజు మా ఇంటికొచ్చింది. నేను కుర్చీ వెయ్యబోతంటే మీ తాత అడిగాడు, "అమ్మా, ఈ నేల మీద ఇంక పిల్లలు కూర్చోవచ్చా?" అని. ఆ పిల్ల టోపీ తీసి, ఆ ఎర్రమట్టి మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని, నేను పెట్టిన పప్పన్నం తిన్నది. మీ తాత కండవాతో మొకం తుడుచుకున్నాడు, చెమట అన్నాడు. చెమటేందిలే...

నీక్కూడా పెళ్ళవుద్ది, పిల్లలు పుడతారు. వాళ్ళు ఒళ్ళంతా మట్టి పూసుకుని నవ్వుకుంటా ఇంట్లోకి రావాలి, నువ్వు బెంగ లేకుండా నీళ్ళు పొయ్యాలి, అట్టా ఉండాలి తల్లీ నువ్వు.