వాగు దాటిన టీకా పెట్టె

తొమ్మిదింటికి రావాల్సిన టీకాల వ్యాను పదకొండైనా రాలేదు. ఆరోగ్య కేంద్రం వరండాలో ఇరవైమూడు మంది పిల్లలు, వాళ్ళని ఎత్తుకొచ్చిన పెద్దవాళ్ళు. ఒక పిల్ల ఏడుపు ఆపితే ఇంకో పిల్ల అందుకుంటోంది. నర్సమ్మ లోపల ఫోను పెట్టేసి గుమ్మంలోకి వచ్చింది.

"టైరు పోయిందట. ఇంకో గంట పడుతుంది," అంది.

గంట అనేసరికి అందరూ చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. దర్జీ భుజం మీద నిద్రపోతున్న కూతుర్ని సర్దుకుని, "కొట్టు తెరవాలి సిస్టర్. ఇంకో రోజు వస్తాంలే," అన్నాడు.

ఆ ఇంకో రోజు ఎప్పుడూ రాదని నర్సమ్మకి తెలుసు. పక్క వీధిలో ఒక పిల్లాడికి నిన్ననే ఒళ్ళంతా తట్టు పోసింది. అది గాలిలో పాకే రోగం. పిల్లాడు దగ్గి వెళ్ళిపోయిన గదిలోకి రెండు గంటల్లోపు టీకా పడనివాళ్ళు అడుగుపెట్టినా అంటుకోవచ్చు. ఆ మాటే చెప్పింది. అందరూ విన్నారు గాని, కాళ్ళు మాత్రం మెట్ల వైపే తిరిగి ఉన్నాయి.

అప్పుడు కోతల బాబాయి వచ్చి మెట్లకి అడ్డంగా కూర్చున్నాడు.

ఆయన ఆ కేంద్రంలో అటెండరుగా పనిచేసి నాలుగేళ్ళ కిందట రిటైరయ్యాడు. అయినా రోజూ పొద్దున్నే వచ్చేస్తాడు. ఇంట్లో అయితే ఆయన మాట వినేవాళ్ళు లేరు. ఇక్కడ టోకెన్ చేతిలో ఉన్నవాళ్ళు ఎటూ కదల్లేరు.

"గంటకే ఇలా అయిపోతే ఎలాగయ్యా?" అన్నాడు దర్జీతో. "ముప్పై ఎనిమిదేళ్ళ కిందట నేను ఇదే టీకా పెట్టె మోసుకుని వాగు అవతలి ఊరికి నడిచి వెళ్ళాను. అప్పుడు వ్యానుల్లేవు, రోడ్డూ లేదు. వాగు చూస్తే రొమ్ముల దాకా పారుతోంది. పెట్టె నెత్తిన పెట్టుకుని దిగాను."

"రొమ్ముల దాకానా?" అంది ఒక పిల్లతల్లి, లేవబోతున్నదల్లా ఆగి.

"ఒడ్డు దగ్గర రొమ్ముల దాకా. నడిమధ్యకి వెళ్ళాక గడ్డం దాకా, ఆ తర్వాత ముక్కు, ఆ తర్వాత నేను కనబడితేగా! అడుగున ఇసకలో నడుస్తున్నాను, పైన పెట్టె ఒక్కటే పోతోంది. ఒడ్డున ఉన్నవాళ్ళు టీకా తనంతట తానే ఈదుకుంటూ వస్తోందని చేతులు జోడించారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

దర్జీ ఒక కాలు చెప్పులో పెట్టి, రెండో కాలు గాల్లో ఉంచి, "ఏమైంది?" అన్నాడు.

"మొసలి. ఈ వరండా అంత. నోరు తెరిచి ఎదురొచ్చింది. ఇంకొకడైతే అక్కడే పోయేవాడు. నేను మెల్లిగా పెట్టె మూత తీసి, ఆ చలిగాలి దాని మొహాన కొట్టేలా వంచాను. అంతే, దాని పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. నోరు మూయలేదు, నమల్లేదు. చివరికి వీపు మీద ఎక్కించుకుని ఒడ్డున దింపి వెళ్ళింది, పాపం."

వరండా అంతా నవ్వింది. ఒక తల్లి మాత్రం నవ్వకుండా, "నాకు పనుంది," అని పిల్లాడితో గేటు దాటి వెళ్ళిపోయింది. నర్సమ్మ పిలిచినా వెనక్కి చూడలేదు.

నర్సమ్మకి లోపల్లోపల గుబులుగానే ఉంది. ఈయన కోతలకి అందరూ కూర్చుంటున్నారు, నిజమే. కానీ మొసలి అబద్ధమైతే టీకా మాత్రం నిజమని ఎందుకు నమ్మాలి అని ఎవరైనా అనుకుంటే? అయినా ఆపలేకపోయింది. గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

"అక్కణ్ణుంచి అరవై కిలోమీటర్లు," అంటున్నాడు బాబాయి. "ఎండ చూస్తే రాళ్ళు పగిలేలా ఉంది. మరి ఐసు కరగాలా వద్దా? కరగలేదు సరికదా, పెరిగింది! నా నడక వేగానికి పుట్టిన గాలికి గడ్డకట్టి, గడ్డకట్టి, మూత పైకి లేచిపోతుంటే నడుముకున్న తువ్వాలు తీసి బిగించి కట్టాను. నేను నడిచిన దారంతా పొగమంచు."

"తువ్వాలు కట్టేస్తే నువ్వెలా వెళ్ళావు బాబాయ్?" అన్నాడు దర్జీ. ఈ సారి నవ్వుతూ కింద కూర్చున్నాడు.

"పొగమంచని చెప్పానుగా, ఎవరికి కనబడతాను? సరే, ఊరి పొలిమేరకి చేరాను. అక్కడ తట్టు రోగమే ఎదురుపడింది. నన్ను చూడగానే మూటాముల్లే సర్దుకుంది. వదుల్తానా? మూడు ఊళ్ళ దాకా తరిమి పట్టుకుని, మళ్ళీ ఈ చుట్టుపక్కలకి రానని కాగితం మీద రాయించుకున్నాను."

"రోగానికి వేలెక్కడిది, ముద్ర వెయ్యడానికి?" అన్నాడు దర్జీ.

"వేలు లేదు కాబట్టే సంతకం పెట్టించాను!"

నవ్వులు తగ్గేదాకా ఆగి, గోడకి ఆనుకుని కూర్చున్న ఒక నాయనమ్మ నోరు విప్పింది. అరవై దాటినావిడ. ఒళ్ళో మనవడు గాజులు లాగుతున్నాడు.

"అన్నా, ఊళ్ళోకి వచ్చాక పెట్టె మూత తీశారు కదా. అందులో ఏముందో చెప్పలేదేం?"

బాబాయి ఆమె వైపు చూశాడు. చూపు అక్కడే ఆగిపోయింది.

"అది మా ఊరే," అంది ఆమె అందరితో. "వాగు ఆ పూట మోకాలి లోతే. దూరం పన్నెండు కిలోమీటర్లు. అప్పటి పెద్ద నర్సమ్మ మూత తీసింది. ఐసుంది. మందు లేదు. సీసాలు ఆఫీసు ఫ్రిజ్‌లోనే మర్చిపోయి వచ్చాడు ఈ మహానుభావుడు."

వరండా పగలబడి నవ్వింది. దర్జీకి కళ్ళనీళ్ళొచ్చాయి. బాబాయి మెడ వంచి కాళ్ళ గోళ్ళు చూసుకుంటున్నాడు. ఇంకేముంది, ఇప్పుడు లేచిపోతారు అనుకుంది నర్సమ్మ.

"నవ్వండి. మేమూ నవ్వాం," అంది నాయనమ్మ. "అప్పటికి మా పక్కింటి పిల్ల తట్టుతో పోయి మూడు రోజులు. మాకు నవ్వెలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. ఈయన నవ్వలేదు. గ్లాసుడు నీళ్ళిస్తే అవీ తాగకుండా వెనక్కి తిరిగాడు. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. మర్నాడు పొద్దున్న చూస్తే వాగు నిజంగానే రొమ్ముల దాకా ఉంది. అందులో వస్తున్నాడు, పెట్టె నెత్తిన పెట్టుకుని. మడమలు చితికిపోయి ఉన్నాయి. గట్టెక్కగానే మూత తీసి సీసాలు చూసుకుని, మళ్ళీ మూసి, మళ్ళీ తీసి చూసుకున్నాడు."

ఎవరూ నవ్వలేదు.

"మీరంతా అక్కడే ఉన్నారా?" అడిగింది నర్సమ్మ.

"సగం మంది ముందు రోజే ఇళ్ళకి పోయారు. ఈయనా పెద్ద నర్సమ్మా గడప గడపకీ వెళ్ళి పిలిచారు. రెండిళ్ళవాళ్ళు తలుపు తియ్యలేదు." ఆమె మనవడి చేతిలోంచి గాజు మెల్లిగా విడిపించుకుంది. "నేను మాత్రం కదల్లేదు. ఒళ్ళో వీడి నాన్న. ఏడాది పిల్లాడు."

దర్జీ కాలికున్న ఒక్క చెప్పూ విప్పి పక్కన పెట్టాడు. ఫోను తీసి, "కొట్టు మధ్యాహ్నం తెరుస్తాను," అని ఎవరికో చెప్పాడు.

"ఆ రెండోసారి సంగతి మాకెప్పుడూ చెప్పలేదేం బాబాయ్?" అంది పిల్లతల్లి.

బాబాయి నోరు తెరిచాడు. నాలుగేళ్ళలో ఆయన మాట కోసం తడుముకోవడం నర్సమ్మ చూడలేదు.

"అందులో చెప్పడానికేముందమ్మా," అన్నాడు చివరికి. "నడిచాను."

వ్యాను పన్నెండున్నరకి వచ్చింది. ఇరవైరెండు మంది పిల్లలకి టీకా పడింది. సాయంత్రం నర్సమ్మ చిన్న ఐసు పెట్టె సర్దుకుని, మధ్యలో లేచి వెళ్ళిపోయిన తల్లి ఇంటికి బయల్దేరింది. గేటు దగ్గర బాబాయి నిలబడి ఉన్నాడు.

"ఇలా ఇవ్వమ్మా, నేను పట్టుకుంటాను," అన్నాడు.

పెట్టె అందుకున్నాక ఇల్లు వచ్చేదాకా ఇంకొక్క మాట మాట్లాడలేదు. తలుపు తనే తట్టాడు.