లింబాద్రి ఎండవెట్టుకున్న ఖుబూసులు

కూసో గంగాప్రసాద్, గా మంచం మీదనే కూసో. గని ముందుగాల చెప్పు, నిన్ను ఎవరు పంపిండ్రు? ఊకె మంచిచెడ్డ అడుగుతానికి ఎవరస్తరు నా కాడికి? రెండు నెలలసంది నాకు డ్యూటీ లేదు, మెస్సుల కూసుండి తింటున్న, గదే కదా మీ అందరి బాధ. సరే, చెప్పకు. లింబాద్రి అని ఒకడుండె, నువ్వు పుట్టకముందు ముచ్చట. గీ అరబ్బు దేశంలనే, ఇదే మీనా సల్మాన్ రేవు కాడ, ఒక్క రూముల పన్నెండు మందిమి. ఎవనికన్న పనివోతే మల్ల దొరికేదాక వానికి మెస్సుల అన్నం పెట్టాలె, వాడు అందరికి వండాలె. గది మా కట్టుబాటు. లింబాద్రి కంపెనీ మూతవడ్డది, వంటకు దిగిండు. పప్పుచారు మంచిగ చేస్తుండె, గది కాదనను.

గని నాకు అనుమానం. పొద్దుగాల వండిపెట్టి పోతడు, మాపటికి వస్తడు. ఏడికి వోయినవ్ రా అంటే పనడుగ గా సనాబిస్ ఊరి దాక నడిచిన అంటడు. దినాం నడుస్తడా మనిషి? ఎవని కాడనో దొంగతనంగ పనిచేసుకుంట, మా కాడ ఉత్తగ తింటుండని నేనన్న. పైంగ రెండు ఖుబూసు రొట్టెలిస్తే ఒకటి తిని ఒకటి పక్కకు వెడ్తుండె. బయట తిని రాకుంటే ఆకలెందుకు కాదు? గీ మాట రూములందరికి ఎక్కిచ్చింది నేనే. అవ్, నేనే.

మా వర్క్‌షాపుల ఇంగ్లండు ఫోర్మన్ ఒకడుండె, ముసలాయన, హిందీ వచ్చు. ఆయనకు లింబాద్రి ముచ్చట చెప్తే నవ్వుతడనుకున్న, నవ్వలె. వాళ్ల నాయినకు పనివోయిననాడు సాయం అడుగుతే సర్కారు మనిషి ఇంట్లకొచ్చి కుర్చీలు, మంచాలు సూసి, ఇవి అమ్ముకొని తినుండ్రి, అవి ఒడిసినంక రాండ్రి అన్నడట. పెద్ద యుద్ధం అయినంక, పనున్నప్పుడు అందరు జీతంల కొంత సర్కారుకు కట్టుడు, పని లేనప్పుడు ఇల్లు ఎతకకుంట పైసలు హక్కుగ ఇచ్చుడు వెట్టిండ్రట. నేను నమ్మలె. ఎతకకుంట ఎవడిస్తడు? దొర గూడ కతలు వడ్తుండు అనుకున్న.

శుక్రవారం అందరం రూముల ఉన్నం. లింబాద్రిని పెట్టె తియ్యిమన్న. "అన్నా, తీస్త గని నా కంచం తియ్యకు" అన్నడు. తీసిండు. బట్టల కింద తువాల మూట, అండ్ల ఎండిన ఖుబూస్ ముక్కలు. వాని వంతుల మిగిలిచ్చుకున్నయి. మేము ఎన్నడో ఒకనాడు తినకుమంటమని ముందే ఎండవెట్టుకున్నడట. నాకు సిగ్గు రావాలె. రాలె.

"ఇగో, ఇంత దాసుకున్నోడు లేనోడెట్లయితడు?" అన్న. అందరు తలలూపిండ్రు. ఖలాస్, ఆ మాపటికే కంచం బంద్. తొమ్మిది దినాలు గా ముక్కలు నీళ్లల్ల నానవెట్టుకొని మా ముంగటనే తిన్నడు. మాకు వండుడు మాత్రం ఇడువలె. తర్వాత ఊరికి వోయిండు. రెండేండ్లకు సచ్చిపోయిండని కబురొచ్చింది. ఇప్పటికి గూడ అనుకుంట, వాడు ఏడనో పనిచేసే ఉంటడని. గట్ల అనుకోకుంటే నాకు అన్నం దిగది.

ఏందిరా, మంచం కింద నా పెట్టె దిక్కు సూస్తున్నవ్? గందుకేనా పంపిండ్రు నిన్ను? తాళంచెవి ఇగో. నువ్వే తియ్యి. నాకు చెయ్యస్తలేదు.