టేపురికార్డరుకి రాట్నం తాడు

ఇనవే సిట్టీ, పైడమ్మని పొందూరు పక్క ఊళ్లోళ్లంతా రాట్నం పైడమ్మ అంటారు. ఆవిడికి ఒక్కడే తమ్ముడు, అప్పలసూరి. అప్ప ముగ్గేస్తుంటే పక్కన కూకుని ఎక్కిరించడమే ఆడి పని. ఇస్కూలుకి కంప్యూటర్ కొత్తగా వొచ్చినప్పుడు ఆ గుంటడు అప్ప ముగ్గుని దాంతోటి ఏయించినాడంట. "అప్పా, ఒక్కపాలి వొచ్చి సూడవే" అంటే, "మగగుంటడివి, నీకు ముగ్గులేటిరా!" అని ఈవిడ ఎల్లనేదు. ఆ ఏడే జొరమొచ్చి ఆడు పోనాడు. ఎల్లుంటే ఏం పోయీదనుకో? అదే ఆవిడికి గుండెల్లో ముల్లయి కూకున్నాది.

ఏమైందంటే, ఇన్నాళ్లకి ఆ కంప్యూటర్‌ని పాతసామాన్లోడికి ఇచ్చీడానికి బయటికి తీసినారంట. పైడమ్మ పరుగెట్టినాది. "రమణ మాస్టారూ, నా తమ్ముడి ముగ్గు ఒక్కపాలి సూపించి అమ్ముకోండి బాబూ" అన్నాదంట. మాస్టారు మంచోడే. కంప్యూటర్ ఎలిగినాది గాని, ముగ్గు ఉన్నది క్యాసెట్లోన. ఆ రోజుల్లో కంప్యూటర్‌కి ఏది సెప్పినా కరెంటు కట్టీగానే మరిసిపోయీదంట, అందుకని పాటల క్యాసెట్లోన దాసీవోరు. నవ్వకే సిట్టీ, నీ బుర్ర మాత్రం ఏపాటిది? ఆ క్యాసెట్టు తిప్పీ టేపురికార్డర్లోన రబ్బరు బెల్టు కరిగి తారైపోనాది. "ఇలాటి బెల్టు ఇప్పుడెక్కడా దొరకదమ్మా" అన్నారంట మాస్టారు. "దొరక్కపోతే వడుకుతాను" అన్నాదంట పైడమ్మ. అన్నట్టే నూలు వడికి, పేని, మైనం రాసి, సన్నటి తాడు తెచ్చి ఏసినాది.

మీట నొక్కినారు. ఓలమ్మో! టేపంతా పేగుల్లాగ బయటికొచ్చీసినాది. "తమ్ముడ్ని రెండోపాలి సంపుకున్నాను మాస్టారూ" అని ఆవిడ ఒకటే ఏడుపు. ఏడుస్తా ఏడుస్తా ఆ తాడుకేసి సూసినాది. ఏటి సేసిందంటే, ఇంట్లో రాట్నానికి ఏసినట్టే అలవాటుగా దీనికీ తాడు మెలి తిప్పి ఏసీసినాది. అలాగేస్తే రాట్నం ఒకపక్కకి, నూలు సుట్టుకునే కదురు ఇంకోపక్కకి తిరుగుతాయి. ఇదీ ఎదురు తిరిగినాది మరి, దాని తప్పేటి?

మెలి తీసి తిన్నగా ఏసినాది. నూలు సిక్కు తీసినట్టు టేపు సిక్కు తీసి, నెమ్మదిగా లోపలికి సుట్టినాది. మళ్లీ నొక్కితే టేపు కీసుకీసుమని తిరిగినాది, కాసేపటికి తెర మీద సుక్కలొచ్చినాయంట. గీత ఒక్కో సుక్కనీ సుట్టుకుంటా ఎల్లి, కొసాకర్న మూలనున్న సుక్కని వొదిలేసి కలిసిపోనాది. "అయ్యో, టేపు నలిగి ఒక గీత పోయినట్టుందమ్మా" అన్నారంట మాస్టారు. "కాదు మాస్టారూ. ఆ మూల సుక్క నానెప్పుడూ మరిసిపోతాను, ఆడు ఎక్కిరించీవోడు. ఒరే సూరీ, నా తప్పు కూడా ఏసీసినావేట్రా!" అని నవ్వినాదంట, నవ్వుతానే గొల్లుమన్నాదంట.

కంప్యూటర్‌ని మాస్టారు మరి అమ్మనేదు. ఇప్పటికీ పైడమ్మ వాకిట్లో ముగ్గుకి ఆ సుక్క ఒట్టిగానే ఉంటాది. ఊరుకోలేక నానోపాలి "సుక్క మరిసిపోనావే" అన్నాను. "నా తమ్ముడు ఎలాగేసినాడో అలాగే ఏస్తాను, నీకేటి?" అని గయ్యిమన్నాది. నాకేటి మరి? ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వొచ్చీసినాను.