మెర్సీ టిల్టన్ నల్ల తలుపు

హలో… ఆ, లోయిస్ టిల్టన్‌నే. మ్యూజియంలోనే ఉన్నాను. చెప్పండి, ప్రొఫెసర్ వైనల్ గారూ…

అందింది మీ పుస్తకం. రెండుసార్లు చదివాను…

అవును, మీ ప్రచురణకర్తలకి ఉత్తరం రాసింది నేనే…

మిమ్మల్ని అడక్కుండానే రాశాను. మా ముత్తాతకి నాయనమ్మని హంతకురాలని రాసేటప్పుడు మీరు నన్ను అడిగారా…

ఆ మాట వాడలేదా? నూట పన్నెండో పేజీ తియ్యండి… తియ్యండి, ఆగుతాను…

ఆ, అదే. "క్రోవెల్ నవలలో నల్ల తలుపు పాపానికి గుర్తు. ఆ తలుపు మెర్సీ టిల్టన్ ఇంటిది. ఏటా దానికి తారు పూయడం, భర్తను చంపిన స్త్రీ మౌనంగా ఇచ్చిన వాంగ్మూలం." మీరు రాసిందేగా…

నవల సంగతి వేరండీ. నాకూ ఇష్టమే. అందులో ఆవిడ మొగుణ్ణి చంపింది, తలుపు నల్లబడింది. బాగుంది, కథ. మెర్సీ అయితే కథ కాదు. మా మనిషి…

ఆ కాలం రచయితలు ప్రతి వస్తువులోనూ ఇంకో అర్థం దాచేవాళ్ళంటారు. దాచుకోనివ్వండి. ఆ అర్థం మోసుకొచ్చి ఆవిడ గుమ్మానికి ఎందుకు తగిలించారు…

తారు ఎందుకు పూసేదో మీకు తెలుసు… తెలుసండీ. పోయిన వేసవిలో ఈ బల్ల దగ్గరే కూర్చోబెట్టి, క్రోవెల్ ఆవిడకి రాసిన ఉత్తరం మీ చేతికిచ్చాను…

గుర్తులేదా? సరే, వినండి. ఆవిడ మొగుడు ఆసా పడవ మా రేవు ముందరి రాళ్ళకి కొట్టుకుని మునిగింది. ఊళ్ళో ఇళ్ళన్నీ తెల్లవే, మసక వెలుతుర్లో సముద్రం మీంచి ఏ ఇల్లు ఏదో తెలీదు. ఆ వారమే మెర్సీ తన తలుపుకి తారు పూసింది. చర్చి గోపురమూ ఆ నల్ల తలుపూ ఒకే వరసలోకి వచ్చేలా పడవ తిప్పుకుంటే, రాళ్ళ మధ్య దారి దొరుకుతుంది. అందుకు పూసింది…

మధ్యలో రాకండి. క్రోవెల్ ఏం రాశాడు? "నీ తలుపు నా నవలలో పాపమైంది. జనం నిన్ను వేలెత్తి చూపిస్తున్నారట. తప్పు నాది, క్షమించు." ఇది చదివి కూడా వదిలేశారు…

"నా వాదనకి అవసరం లేదు"… మళ్ళీ అనండి…

లేదు, అరవడం లేదు…

రెండో ముద్రణలో కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క వేస్తారా? నాకొద్దు. ఆ పేజీ తీసెయ్యాలి…

ఆవిష్కరణ సభకా? నేనా? వచ్చి మీ పక్కన నవ్వుతూ నిలబడాలా…

రాను. ఆ ఉత్తరం నకలు మీ ప్రచురణకర్తలకి పొద్దునే పంపేశాను. మా ఊరి పత్రికకి కూడా…

మీ ఉద్యోగమా? మెర్సీ చర్చిలో కూర్చుంటే పక్కనున్నవాళ్ళు లేచి వేరే బల్లకి పోయేవాళ్ళు. ముప్పై ఏళ్ళు అలా జరిగింది, నవల వచ్చినప్పట్నుంచీ. మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. అయినా ఏ వసంతంలోనూ తారు పూయడం మానలేదు. వేలెత్తి చూపించినవాళ్ళ పడవలు కూడా ఆ తలుపు చూసుకునే ఒడ్డుకొచ్చాయి…



ఇప్పుడు చెప్పండి, ప్రొఫెసర్ గారూ. అది దేనికి గుర్తు…

సరే. తెలిసినప్పుడు రాయండి. పెట్టేస్తున్నాను.