కస్తూరి అడిగిన ముక్క

ఆ గిన్నె కాలుతోందమ్మా తేజశ్రీ, ఉత్తచేత్తో పట్టుకోకు. అదుగో, మేకుకి తగిలించి ఉంది చూడు, ఆ గుడ్డతో దించు. యే క్యా హై అంటావేంటి, మిగిలిపోయిన గుడ్డముక్కలు అతికి కుట్టిందది. నేను కాదు, నాకంత ఓపికెక్కడిది. కస్తూరని, కంటోన్మెంట్‌లో మా పక్క క్వార్టర్లో ఉండేది. మీవాళ్ళింకా ఢిల్లీ రాలేదప్పటికి, రెండువేల ఒకటి. మీ అంకుల్ సుబేదారు. కస్తూరి మొగుడు ధర్మయ్య ఆర్మీ బండి నడిపేవాడు. వాళ్ళది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. మనిషి బక్కపల్చన, నోరు మాత్రం పెద్దది. తెల్లారితే చాలు, గోడ అవతల్నించి "ఏటక్కా, ఏటి వొండినావు" అని మొదలెట్టేది. వంకాయ అంటే చాలు, గిన్నె పట్టుకుని వచ్చేసేది.

ఏం చెప్తున్నాను... ఆఁ, ముక్కలు. బజార్లో ఓ దర్జీ ఉండేవాడు, జాకెట్లు కుట్టగా మిగిలిన పీలికలన్నీ కస్తూరికోసం సంచిలో వేసి దాచేవాడు. "దీదీ, ఆప్‌కా ఖజానా" అని చేతికిచ్చేవాడట. వాటితో పసిపిల్లల కుళ్ళాయిలు, గిన్నెలు దించే గుడ్డలు, ఒకటా రెండా. మా లైన్లో పద్నాలుగిళ్ళు. ఎవరికైనా బదిలీ అయిందంటే ఇంటింటికీ వెళ్ళి జానెడేసి ముక్క అడిగేది. చీరలోదో, పిల్లల గౌనులోదో, ఎవరిది వాళ్ళే అంచు మడిచి కుట్టివ్వాలి. అన్నీ కలిపి చిన్న బొంత కుట్టి, వెళ్ళిపోయేవాళ్ళకి ఇచ్చేది. పంజాబీ ఆవిడ, మలయాళీ ఆవిడ, అందరూ ఇచ్చేవాళ్ళు. "మనం మళ్ళీ కలుస్తామో నేదో అక్కా, మన గుడ్డలైనా ఒక్కచోట ఉంటాయి" అనేది. నవ్వుతూనే అనేదిలే. మీ అంకులైతే, "కస్తూరి వస్తోంది, నా లుంగీ దాచెయ్" అనేవారు.

ఆ ఏడు నవంబర్లో ధర్మయ్య బండి లోయలో పడిపోయింది. యుద్ధం లేదు ఏం లేదు, కొండదారిలో పొగమంచు. అంతే. పిల్లల్లేరు. కస్తూరి అన్న రఘురామ్ వచ్చి, నేను తీసుకుపోతానన్నాడు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కదా మరి. మా వరండాలో ఆడవాళ్ళం కూర్చున్నప్పుడు పంజాబీ ఆవిడ అడిగింది, "ఈసారి ముక్కలు ఎవరు పోగుచేస్తారు" అని. నేనేమన్నానో తెలుసా. ఇది బదిలీ కాదు కదా, మొగుడు పోయినదానికి రంగురంగుల బొంత ఇస్తే ఏం బాగుంటుంది, మా వాళ్ళలో ఇవ్వరు, అన్నాను. పెద్దదాన్ని, పైగా దాని భాష మాట్లాడేదాన్ని. ఠీక్ హై అని ఊరుకున్నారు అందరూ.

ఎన్నాళ్ళు ఎదురుచూసిందో మరి. రేపు రైలనగా తనే బయల్దేరింది, ఇంటింటికీ. మా ఇంటికి ఆఖర్న వచ్చింది. చేతిలో పన్నెండు ముక్కలు. అంటే అందరూ ఇచ్చారు, నేను తప్ప. "నా బొంత నానే కుట్టుకుంతానక్కా, నీ ముక్క ఇయ్యి" అంది. లోపలికెళ్ళి బీరువా తీశాను. ఎదురుగానే ఉంది, నా నెమలికంఠం రంగు జాకెట్టులో మిగిలిన పట్టుగుడ్డ. చెయ్యి దానిమీదే పడింది కూడా. తీసింది మాత్రం మీ అంకుల్ పాత పంచె. దాంట్లోంచి తెల్లముక్క చింపి ఇచ్చాను. అంచైనా కుట్టలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నెమలికంఠందుంటాది కదక్కా, అది అడుగుదామని వొచ్చినాను" అంది. "అదిప్పుడు నీకెందుకులేమ్మా" అన్నాను. అవునే, ఆ మాటే అన్నాను. ఇరవై ఆరేళ్ళ పిల్లతో. ఏడవలేదు. తెల్లముక్క మిగతావాటి మీద పెట్టుకుని, మడిచి, లేచింది. గడప దిగుతూ, "పాలు పొంగుతున్నాయక్కా" అని చెప్పి మరీ వెళ్ళింది.

స్టేషన్‌కి అందరూ వెళ్ళారు. నేను తలనొప్పని పడుకున్నాను. తర్వాత ఆ పట్టుముక్క కత్తిరించి, అంచు కుట్టి, కవర్లో పెట్టాను. ఇవాళ పంపుదాం, రేపు పంపుదాం. అడ్రసు లేదనుకున్నాను. అడిగితే ఆఫీసులో ఇవ్వరూ? రెండేళ్ళు గడిచాక కమలాకుమారి ఫోన్ చేసింది. మా లైన్లోనే ఉండేది, విశాఖపట్నం వెళ్ళిపోయారు వాళ్ళు. కస్తూరికి పచ్చకామెర్లు ముదిరిపోయాయట, పోయి నెలైందట. అంతకుముందోసారి కమల చూడ్డానికెళ్తే మంచం మీద ఆ బొంతే ఉందట. "నీ తెల్లముక్క నడిమధ్యన పెట్టింది సరోజినీ, చుట్టూ ఎర్రదారంతో ఎంత ముచ్చటగా కుట్టిందో. ఇది మా అక్కది అని అందరికీ చూపించేది. నువ్వంటే దానికెంత ప్రాణమే" అంది కమల. తనకేం తెలుసు పాపం. ఊఁ ఊఁ అని ఫోన్ పెట్టేశాను.

మీ అంకుల్ పోయి మూడేళ్ళయిందా. నెల తిరక్కుండానే మా కోడలు చిలకాకుపచ్చ చీర పట్టుకొచ్చి, "కట్టుకోండత్తయ్యా, ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పట్టించుకుంటున్నారు" అంది. కాదనలేదే నేను. ఒక్కమాట, వద్దులే అని పైకైనా అనలేదు. తీసుకుని గదిలోకెళ్ళి కట్టుకుంటున్నాను. కుచ్చిళ్ళు సగం పెట్టుకున్నాక చేతులు ఆగిపోయాయి. కస్తూరితో నేనన్న మాట గుర్తొచ్చి...

మీ అమ్మ పిలుస్తున్నట్టుంది. వెళ్ళు తల్లీ, తలుపు దగ్గరకేసి వెళ్ళు.