కాలు కింద పెట్టనియ్యలే

"తాతా, అసలు నాయనమ్మ తుంటి ఎట్ల ఇరిగింది?"

మెల్లగ అడుగు బిడ్డా, ఇంటది. అగో, లేవనీకె మంచం పట్టె పట్టుకుంటున్నది. మనం చూడనట్టే ఉండాలె.

ఎట్ల ఇరిగిందంటే... నేనే ఇరగ్గొట్టిన అనుకో. కొట్టి కాదు, సాకి. నీకెరుకేనా, చిట్యాల నుంచి చెల్పూర్ దాకా ఒక్క పూటల రెండు వడ్ల బస్తాలు మోసినోన్ని నేను. ఎనుకొచ్చే ఎడ్లే అలిసినయి! సరే, ఒక బస్తా అనుకో. గసోంటోని పెండ్లాం మోకాళ్లు పట్టుకొని 'అమ్మో' అంటె ఊకుంటనా? ఎక్స్‌రే తీస్తె, మోకాలు అరిగి పక్కలకు ఎముక మొలిచిందన్నరు. మొలిచిందంటె గట్టిగున్నట్టే గదా! 'మా లచ్చవ్వకు ముసలితనంల ఎముక పెరుగుతున్నది' అని ఊరంత చాటిన. 'రాణి లెక్క కూసో' అన్న. నీళ్లు నేనే, బువ్వ నేనే. రెండేండ్లు కాలు కింద పెట్టనియ్యలే. వాడకట్టు ఆడోళ్లు 'గాయనను చూసి నేర్సుకోండ్రి' అని మొగోళ్లను తిడుతుంటె, నేను మీసం తిప్పిన.

పోయిన కోతలప్పుడు వాకిట్ల వడ్లు ఎండవోసినం. మొగులై వాన మొదలైంది. నేను వడ్ల మీద కప్పనీకె పరదా కోసం ఉరికిన. ఈమె 'వడ్లు నానుతయయ్యా' అని లేసింది. రెండడుగులు, గంతే. పడ్డది గూడ కాదు, ఒరిగింది. ఎండుపుల్ల ఇరిగినట్టు సప్పుడు. అంత వానల నాకు గదొక్కటే ఇనొచ్చింది.

దవాఖానల డాక్టరమ్మ అడిగింది, 'అవ్వ రోజు ఎంత నడిసేది?' అని. నేను రొమ్ము ఇరిసి 'కాలు కింద పెట్టనియ్యలే' అన్న, మోకాలుకాడ ఎముక మొలిచిన ముచ్చట గూడ చెప్పిన. ఆమె నా దిక్కు చూసింది చూడు... 'తాతా, అరిగింది మోకాలు, గుల్లైంది తుంటి. రెండు వేరే రోగాలు. మోకాలుకాడ మొలిచిందని తుంటి గట్టిదయితదా? వయసుకు ఎముక ఎట్లాగూ పలసనైతది. నొస్తదని కూసోపెడితె ఇంకింత గుల్లయితది' అన్నది. నేను మీసం మీది చెయ్యి తీసిన బిడ్డా.

తుంటికి రాడ్ ఏసిండ్రు. నడిస్తెనే మనిషి, లేకుంటె మంచమే అన్నరు. నేను పట్టుకోవద్దట.

అగో, లేసింది. వాకర్ అందుకున్నది. ఒకటి... రెండు... ఒరుగుతున్నదా? లేదు, లేదు. నా చెయ్యి ఊకె ఆమె దిక్కు పోతున్నది, జర గట్టిగ పట్టుకో.

"ఏందయ్యా, గుడ్లప్పగించి చూస్తున్నవ్? నాకేం కాలే. నువ్వే ఒరుగుతున్నవ్, చూసుకో!"

ఇన్నవా దాని నోరు! గడప ముట్టింది. పదకొండు అడుగులు. ఊళ్లె అడిగితె పదకొండే అని నువ్వే చెప్పు, నేను చెప్తె నమ్మరు. నీ కాళ్లు సల్లగుండ, పో బిడ్డా, ఆమె ఎనుకాల నడువు. పట్టుకోకు... ఊకె నడువు...